గతజల సేతుబంధనం

ఏడోసారి రాస్తున్నాను.
ఏడోసారీ మైలపల్లి లాజరు
వాల్తేరు రైల్వేలో వంతెనలు తట్టి చూసే ఉద్యోగం వదిలేసి
పద్ధెనిమిది వందల డెబ్బై తొమ్మిది
డిసెంబరు ఇరవై ఎనిమిది, ఆదివారం సాయంత్రంలోకి
తడిచొక్కాతో దిగుతాడు.

ఎలా దిగాడని అడక్కండి.
మొదటి ప్రతిలో యంత్రం ఉండేది,
పళ్లచక్రాలూ, నీలం వెలుగూ.
తర్వాత సిగ్గేసి తీసేశాను.
ఇప్పుడు ఒక పేరా చివర ఇక్కడ ఉంటాడు,
తర్వాతి పేరాలో అక్కడ.

నా కిటికీలోంచి టే నది కనిపిస్తుంది.
కొత్త వంతెన పక్కన పాతదాని మొండి దిమ్మెలు
నీళ్లలో వరసగా,
వాక్యం కొట్టేసినా చెరగని చుక్కల్లా.
డండీ జనం చూపు వాటిమీద ఆగదు,
బస్సు ఆలస్యమైన రోజున తప్ప.

మొదటిసారి లాజరు సిగ్నల్ గదికి పరిగెత్తాడు.
"బండాపండెహె! కూలిపోద్ది!"
సిగ్నల్ మనిషికి అది గాలిలో ఇంకో గాలి.
రెండో ప్రతిలో వాడికి ఇంగ్లీషు నేర్పాను.
అర్థమయ్యాక, పిచ్చివాడన్నారు.
మూడోదాంట్లో నాలుగేళ్లు ముందుగా పంపాను,
స్తంభాలు పోతపోసే చోటికి.
ఇనుములో బొరియలుంటే మైనం, ఇనుపరజను కలిపి పూడ్చారట.
వేలితో గీకి చూపించాడు లాజరు.
మేస్త్రీ నవ్వి, వాడికి రోజుకూలి రాయించాడు.
సాయంత్రానికి వాడూ పూడుస్తున్నాడు.
ఆ అధ్యాయం నాకు ఇప్పటికీ ఇష్టం.

నాలుగో ప్రతిలో బండి ఆగింది.
నిజంగా ఆగింది.
అందరూ ఇళ్లకు చేరి, బూట్లు విప్పి, పడుకున్నారు.
వంతెన మాత్రం ఆ మరుసటి వేసవిలో
గాలన్నది లేని ఒక మధ్యాహ్నం
బడిపిల్లల బండి కింద
ఆ పేజీలు చింపేశాను.
ఒకేచోట పారెయ్యడానికి భయమేసి
నాలుగు వేరువేరు వీధుల చెత్తబుట్టల్లో వేసొచ్చాను.

మా తెలుగు మాస్టారైతే ఒక్క మాటలో తేల్చేసేవారు:
గతజల సేతుబంధనం.
పోయిన నీళ్లకి కట్ట.
ఇక్కడ పోయింది సేతువు, మాస్టారూ.
నీళ్లు అలాగే ఉన్నాయి.

ఇంటావిడ ఐనా గెడ్డిస్
శుక్రవారం అద్దెకని పైకొస్తుంది, కూర్చుంటే లేవదు.
ఎనభై రెండేళ్లు.
కథ ఎందాకా వచ్చిందని అడిగింది.
చెప్పాను: వంతెనకి ముందు, సెయింట్ ఫోర్ట్ స్టేషన్లో
టిక్కెట్లు తీసేసుకున్నారు.
ఎంతమంది పోయారో ఆ టిక్కెట్లతోనే అంచనా కట్టారు.
మనుషులు మునిగారు, అట్టముక్కలు పొడిగా మిగిలాయి.
శవాల లెక్కకీ వాటికీ ఈనాటికీ పొంతన లేదు.

"మా అవ్వ వాళ్లమ్మ," అంది ఐనా, టీ చల్లార్చుకుంటూ,
"కూపర్లో ఆ బండి తప్పింది.
ఎవడో ముక్కూమొహం తెలియనివాడు,
తడిచొక్కా వేసుకుని, టైమెంతయిందని అడిగాడట.
చెప్పింది. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పింది.
మూడోసారికి బండి కదిలిపోయింది.
చచ్చేదాకా తిట్టేది వాణ్ణి,
టిక్కెట్టు డబ్బులు దండగయ్యాయని."

వంతెన సంగతి తెలిశాక కూడానా?
"తెలిశాక ఇంకా ఎక్కువ.
ఆవిడ స్వభావం అది."

తడిచొక్కా గురించి నేను ఐనాకి చెప్పినట్టు గుర్తులేదు.
చెప్పానేమో కూడా.
ఆవిడ మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను,
ఒక్కో మెట్టుకీ ఒక్కో నిట్టూర్పు,
ఆ మోకాళ్లు, ఆ కీచుగొంతు,
వంటింట్లో రేడియో, దానికి ఎదురుతిరిగి ఆవిడ కూనిరాగం.

బండి ఎక్కినవాళ్లకి రాతిమీద పేర్లుంటాయి.
తప్పినవాళ్లకి పట్టిక లేదు.
మొదట ఎంతమంది ఎక్కాల్సి ఉండేదో
ఎవరి లెక్కలో చూసుకోను?

పన్నెండు దాటింది. గాలి లేస్తోంది.
ఏడో ప్రతి తీశాను.
లాజరుకి పొడిచొక్కా ఇద్దామనుకున్నదాన్ని మానేశాను.
సిగ్నల్ గది కొట్టేశాను, మేస్త్రీని కొట్టేశాను.
వాణ్ణి కూపర్ ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి
చేతి గడియారం విప్పించి
నా సొరుగులో పెట్టాను.

ఇక వాడు ఎవరో ఒకర్ని అడగాల్సిందే.